సైకాలజీ మొదటి అధ్యాయంలో ఇన్ని పేర్లెందుకు?

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో సైకాలజీ డిగ్రీలో చేరాను. మనుషుల మనసులు ఎలా పనిచేస్తాయో తెలుసుకుందామని పుస్తకం తెరిస్తే మొదటి అధ్యాయమంతా పేర్లు, సంవత్సరాలు, వాదాలు. వుంట్ చెప్పింది వాట్సన్ కాదన్నాడు, వాట్సన్ చెప్పింది తర్వాతివాళ్లు కాదన్నారు, ఫ్రాయిడ్‌నైతే అందరూ కాదన్నారు. మరి వీళ్లలో ఎవరిది నిజం? తప్పని తేలిపోయినవాళ్లను మేమెందుకు చదవాలి? రుణాత్మక పునర్బలనానికీ దండనకూ తేడా ఎన్నిసార్లు చదివినా మళ్లీ తారుమారవుతోంది. ఇవన్నీ గుర్తుంచుకోవడానికి దారేదైనా ఉందా? ఆ పాతవాళ్ల మూలరచనలు చదవమంటారా?

సమాధానం: మీ ప్రశ్నల్లో అసలైనది మొదటిదే. చాలామంది దాన్ని అడగరు. నాలుగు గడుల పట్టిక గీసుకుని, పేరు, సంవత్సరం, వాదం, గ్రంథం అని నింపుకుని పరీక్ష గట్టెక్కుతారు. కొన్నాళ్లకు ఆ పట్టికలో ఒక్క గడి కూడా మిగలదు. మీరు అక్కడ ఆగి తగవు పెట్టుకోవడం మంచిదే అయింది.

అయితే ప్రశ్నను కాస్త మార్చుకోవాలి. ఈ తొలితరం వాళ్ల మధ్య నడిచిన వాదులాట మనసు ఎలాంటిదన్న దాని మీద కన్నా, మనసు గురించి దేన్ని సాక్ష్యంగా ఒప్పుకోవాలన్న దాని మీదే ఎక్కువ. ఇతరుల మనసు కంటికి కనబడదు, తూకానికి రాదు. దాని గురించి ఒక మాట చెప్పి, అది నిజమని ఎదుటివాళ్లను ఒప్పించడం ఎలా? ఒకాయన గడియారాన్ని నమ్మాడు. ఒకాయన, మనిషి తన అనుభవం గురించి తాను చెప్పుకునే మాటను నమ్మాడు. ఇంకొకాయన బయటికి కనిపించే ప్రవర్తన తప్ప మరేదీ చెల్లదన్నాడు. ఒక్కొక్క పేరు దగ్గర ఆగి, ఈయన దేన్ని సాక్ష్యంగా తీసుకున్నాడు, ఆ సాక్ష్యం ఎక్కడ చాలకపోయింది అని అడిగి చూడండి. ఆ అధ్యాయం పేర్ల జాబితాలా కాక ఒక పెద్ద వ్యాజ్యంలా కనబడుతుంది. వాదప్రతివాదాలు గుర్తుంటే వాదించినవాళ్ల పేర్లు వాటి వెంటే వస్తాయి.

గడియారంతో మొదలుపెడదాం. నాడుల్లో సంకేతం ఎంత వేగంగా ప్రయాణిస్తుందో కొలవడం సాధ్యం కాదని 19వ శతాబ్దపు మొదటి సగంలో పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్తలే అనుకునేవారు. 1850లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి నాడిని తీసుకుని, కండరానికి దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి విద్యుత్తు తగిలించి, కండరం ముడుచుకోవడానికి పట్టిన కాలంలో తేడా చూశాడు. వేగం సెకనుకు కొన్ని పదుల మీటర్లేనని తేలింది. గాలిలో శబ్దం పోయే వేగం కన్నా ఎంతో తక్కువ. చూడటానికి ఇది కప్ప కాలి సంగతే. కానీ దీంతో ఒక తలుపు తెరుచుకుంది. కబురు చేరడానికి కాలం పడుతుందంటే, గ్రహించడానికీ నిర్ణయించుకోవడానికీ కూడా కాలం పట్టాలి. కాలం పట్టేదాన్ని కొలవవచ్చు.

1868లో డచ్చి శాస్త్రవేత్త డాండర్స్ అదే చేశాడు. ఒకే దీపం వెలిగి ఒకే మీట నొక్కాల్సి వస్తే ఎంతసేపు పడుతుంది? రెండు దీపాల్లో ఏది వెలిగిందో చూసి, దానికి తగిన మీట నొక్కాల్సి వస్తే ఎంతసేపు? రెండో దానిలోంచి మొదటిది తీసేస్తే, మిగిలినది పోల్చి ఎంచుకోవడానికి మనసు వాడుకున్న సమయం. ఇంతటి సాదా తీసివేత లెక్కతో మనసు లోపలి పనిని బయటి నుంచి కొలవవచ్చని చూపించాడు. ఈ తీసివేతను గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరపడుతుంది.

విల్‌హెల్మ్ వుంట్ ఒకప్పుడు హెల్మ్‌హోల్ట్జ్ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడే. 1879లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో ఆయన ప్రయోగశాల మొదలైంది కాబట్టి సైకాలజీ పుట్టినరోజు అని మీ పుస్తకం ఆ సంవత్సరాన్ని ఇస్తుంది. ఆ ప్రయోగశాలలో ఏం చేసేవారో తెలిస్తే గానీ ఆ సంవత్సరానికి అర్థం లేదు. ఒక ప్రయోజ్యుడు, అంటే ప్రయోగానికి కూర్చునే మనిషి, టెలిగ్రాఫ్ మీట మీద వేలు పెట్టుకుని కూర్చుంటాడు. ఒక బంతి పలక మీద పడి చప్పుడవుతుంది. చప్పుడు కాగానే మీట నొక్కమంటే సెకనులో పదో వంతు పడుతుంది. చప్పుడు విన్నానన్న స్పృహ తనకు కలిగాకే నొక్కమంటే దాదాపు దానికి రెట్టింపు. వినడం వేరు, విన్నానని ఎరగడం వేరు అని తత్వవేత్తలు ఎంతకాలమైనా వాదించుకోవచ్చు. ఇక్కడ ఆ తేడా సెకనులో ఒక భాగంగా కాగితం మీద పడింది. వుంట్ గొప్పదనం ఏదో సిద్ధాంతంలో ఉందనుకోకండి. ఇంకొకరు ఇంకొక ఊళ్లో అదే బంతి, అదే మీట పెట్టుకుని సరిచూసుకోగలిగే పద్ధతిలో ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. అంతఃపరిశీలన, అంటే తన అనుభవాన్ని తానే గమనించి చెప్పడం, అనగానే వుంట్ తన శిష్యులను కళ్లు మూసుకుని లోపల ఏముందో వర్ణించమన్నట్టు చాలా పుస్తకాలు రాస్తాయి. అది న్యాయం కాదు. ప్రయోగశాలలో ఆయన ఎక్కువగా ఒప్పుకున్నవి పెద్దదా చిన్నదా, ముందా వెనకా వంటి చిన్న చిన్న తీర్పులే. వాటిని అడిగిన పరిస్థితి మళ్లీ మళ్లీ కల్పించగలిగేలా ఉండాలన్నది ఆయన షరతు. భాష, ఆలోచన, ఆచారాల వంటి పెద్ద విషయాలు ప్రయోగశాలలో తేలేవి కావని ఆయనే అన్నాడు. వాటి కోసం పది సంపుటాల వేరే గ్రంథం రాశాడు. అనుభవాన్ని మూలకాలుగా విడగొట్టి చూడాలనే సంరచనావాదం అన్న పేరు ప్రచారంలో పెట్టింది ఆయన శిష్యుడు టిచ్నర్. వుంట్ తన దృక్పథానికి పెట్టుకున్న పేరు సంకల్పవాదం. మీ పాఠ్యపుస్తకం వుంట్‌ను సంరచనావాద స్థాపకుడంటే పరీక్షలో అలాగే రాసి మార్కులు తెచ్చుకోండి, తెలిసి రాయండి అంతే.

టిచ్నర్ దగ్గరికి వచ్చేసరికి సాక్ష్యం మారింది. 1892లో అమెరికాలోని కార్నెల్‌లో చేరిన ఆయన, రసాయన శాస్త్రం పదార్థాన్ని మూలకాలుగా విడగొట్టినట్టే చేతనానుభవాన్నీ విడగొట్టాలనుకున్నాడు. అందుకు కఠినమైన శిక్షణ ఇచ్చేవాడు. బల్లను చూసి బల్ల అనకూడదు, అది తప్పు కింద లెక్క. ఫలానా రంగు, ఇంత వెలుగు, ఇలాంటి ఆకారం అని మాత్రమే చెప్పాలి. శిక్షణ పొందిన పరిశీలకుడి మాటే ఇక్కడ సాక్ష్యం. చిక్కు ఎక్కడొచ్చిందంటే, జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో క్యుల్పె బృందంలోని పరిశీలకులు, తమకు ఏ చిత్రమూ ఏ సంవేదనా లేకుండానే ఆలోచనలు వస్తున్నాయని చెప్పారు. టిచ్నర్ పరిశీలకులు, కాదు, జాగ్రత్తగా చూస్తే ప్రతి ఆలోచనకూ ఏదో ఒక చిత్రం ఉంటుందన్నారు. రెండు పక్షాలూ శిక్షణ పొందినవే, రెండూ నిజాయితీగానే చెప్పాయి. తీర్పు ఎవరు చెప్పాలి? ఒక మనిషి లోపలికి ఇంకొకరు తొంగిచూడలేరు కదా. సంరచనావాదం చచ్చిపోయింది ఈ ప్రశ్నకు జవాబు లేకే. 'తప్పని తేలినవాళ్లను ఎందుకు చదవాలి' అన్నారు మీరు. ఎందుకు తప్పిందో తెలియకపోతే తర్వాత వచ్చిన వాట్సన్ కోపం మీకు అర్థం కాదు, అందుకు.

విలియం జేమ్స్‌ను నేను ఈ వరుసలో కాస్త పక్కన కూర్చోబెడతాను. ఆయనది ప్రయోగం చేసే చేయి కాదు, రాసే చేయి. పన్నెండేళ్లు కూర్చుని 1890లో రెండు సంపుటాల మనోవిజ్ఞాన గ్రంథం తెచ్చాడు. ఆ జర్మన్ ప్రయోగాల గురించి, విసుగన్నది ఎరిగిన జనం ఉన్న దేశంలో ఇలాంటి పద్ధతి పుట్టి ఉండేది కాదని అందులో చురక వేశాడు. చేతన అనేది ముక్కలుగా ఉండదు, పారుతూ ఉంటుంది, దాన్ని ముక్కలు చేస్తే మీకు దొరికేది అది కాదు, అన్నది ఆయన అభ్యంతరం. చేతన దేనితో తయారైందని అడగడం కన్నా దానివల్ల జీవికి ఏమి ప్రయోజనమని అడగడం మేలన్నాడు. ఈ దృక్పథానికే ప్రకార్యవాదమని పేరు. దీని వెనక డార్విన్ ఉన్నాడని గుర్తుంటే దాన్ని ప్రత్యేకంగా బట్టీ పట్టనక్కరలేదు.

జేమ్స్ పేరు వచ్చింది కాబట్టి మేరీ విటన్ కాల్కిన్స్ సంగతీ చెప్పాలి. ఆమె హార్వర్డ్‌లో జేమ్స్ దగ్గర, ముంస్టర్‌బర్గ్ దగ్గర చదివింది. జంటలుగా పదాలు ఇచ్చి జ్ఞాపకాన్ని పరీక్షించే పద్ధతి ఆమెదే. డాక్టరేట్‌కు కావలసినవన్నీ పూర్తిచేసినా స్త్రీ కాబట్టి హార్వర్డ్ పట్టా ఇవ్వలేదు. దాని బదులు రాడ్‌క్లిఫ్ మహిళా కళాశాల పేరుతో ఇస్తామంటే ఆమె తీసుకోలేదు. 1905లో అమెరికన్ మనోవైజ్ఞానిక సంఘానికి అధ్యక్షురాలైంది. సైకాలజీలో డాక్టరేట్ పట్టా చేతికందిన మొదటి మహిళ టిచ్నర్ శిష్యురాలు మార్గరెట్ వాష్‌బర్న్, 1894లో. పాఠ్యపుస్తకాల్లో వీళ్లిద్దరినీ తరచూ పక్కన ఒక పెట్టెలో పెట్టి వదిలేస్తారు. ఆ పెట్టె కూడా చదవండి.

ఇక వాట్సన్. 1913 నాటి వ్యాసంలో ఆయన చెప్పిందాన్ని కుదిస్తే ఇది: సైకాలజీ సహజ శాస్త్రాల్లో ఒకటి, ప్రవర్తనను ముందే చెప్పగలగడం, అదుపు చేయగలగడం దాని లక్ష్యం, అంతఃపరిశీలనకు అందులో చోటు లేదు. మీ ప్రయోగ ఫలితం నాకు రాకపోతే, ఇతర శాస్త్రాల్లో పరికరాన్నో పరిస్థితులనో తప్పుపడతారు, ఇక్కడ మాత్రం నాకు అంతఃపరిశీలన సరిగా రాదంటారేమిటని ఆయన ఎత్తిపొడుపు. వుర్జ్‌బర్గ్ గొడవ తెలిసినవాళ్లకు ఈ మాట ఎవరికి తగలాలో వెంటనే తెలుస్తుంది.

ఆయనకు కావలసిన సాక్ష్యం ఎలాంటిదో పావ్‌లోవ్ అప్పటికే చూపించాడు. పావ్‌లోవ్ సైకాలజిస్టు కాదు. జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ పొందిన శరీరధర్మ శాస్త్రవేత్త. కుక్క లాలాజలం బయటికి వచ్చేలా చెంపకు చిన్న గొట్టం అమర్చి, ఎంత ఊరిందో కొలిచేవాడు. తిండి నోట్లో పడకముందే, తిండి తెచ్చే మనిషి అలికిడికే కుక్కకు లాలాజలం ఊరుతోందని గమనించాడు. ఇంకొకరైతే దాన్ని ప్రయోగానికి అడ్డమనుకుని పక్కన పెట్టేవారు, ఆయన దాన్నే ప్రయోగంగా మార్చుకున్నాడు. కుక్క ఏమనుకుంటోంది, దేనికి ఎదురుచూస్తోంది అన్న ప్రశ్నలు లేవు. ఎంత ఊరింది, ఎప్పుడు ఊరింది, అంతే.

వాట్సన్ ఇదే దారిని పసివాడి మీదికి తీసుకుపోయాడు. 1920లో ప్రచురించిన ఆ ప్రయోగంలో, రోజాలీ రేనర్‌తో కలిసి, ఆల్బర్ట్ అని పేరు పెట్టిన సుమారు 11 నెలల బిడ్డ తెల్ల ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా వెనకనుంచి ఇనుప కడ్డీని సుత్తితో గట్టిగా కొట్టారు. కొన్నాళ్లకు ఎలుకను చూస్తేనే ఏడుపు, ఆ తర్వాత కుందేలును చూసినా ఏడుపు. ఆ భయాన్ని పోగొట్టకుండానే ప్రయోగం ముగిసింది. దీన్ని మీ పుస్తకం నిబంధనానికి, అంటే రెండు సంగతులు జతపడి కొత్త ప్రతిస్పందన అలవడటానికి, ఉదాహరణగా ఇచ్చి ఉంటుంది. ఒకే ఒక్క బిడ్డ, పోల్చడానికి వేరే బిడ్డలు లేరు, భయాన్ని కొలిచింది కూడా ఎక్కువగా చూసినవాళ్ల వర్ణనతోనే. అంతఃపరిశీలనను అంత ఎగతాళి చేసిన మనిషి నుంచి ఇంకాస్త గట్టి సాక్ష్యం ఆశించవచ్చు. పసివాడి మీద అలాంటి పని చేయవచ్చా అన్నది దీనికన్నా పెద్ద మాట. నేటి నైతిక నియమాల కింద దానికి అనుమతి దొరకదు. నాకైతే 1924లో మేరీ కవర్ జోన్స్ చేసిన పని ఎక్కువ విలువైనది. కుందేలంటే భయపడే పీటర్ అనే బాలుడు ఇష్టమైనది తింటూ ఉండగా, కుందేలును దూరం నుంచి మెల్లమెల్లగా దగ్గరికి తెస్తూ ఆ భయం తగ్గించింది. భయాలకు ఇప్పుడు చేసే చికిత్సల్లో ఒక పాయ అక్కడినుంచి వచ్చిందే.

ప్రవర్తన ఒక్కటే సాక్ష్యమన్న పట్టుదల ఎక్కడ చాలకపోయింది? ఈ అధ్యాయం మొత్తంలో నాకు అందమైనదనిపించే ప్రయోగం దానికి జవాబు. 1930లో టోల్మన్, హోన్‌జిక్ ఎలుకలను చిక్కుదారుల పెట్టెలో వదిలారు. ఒక గుంపుకు దారి చివర రోజూ తిండి ఉంటుంది, అవి రోజురోజుకూ తప్పులు తగ్గించుకున్నాయి. ఇంకో గుంపుకు అసలు తిండి లేదు, అవి తాపీగా తిరిగాయి. మూడో గుంపుకు పది రోజులు ఏమీ పెట్టలేదు, పదకొండో రోజున పెట్టారు. మర్నాడే ఆ ఎలుకలు రోజూ తిండి తిన్న ఎలుకలతో సమానంగా దారి పట్టేశాయి. అంటే ఆ పది రోజులూ ఊరికే తిరగలేదు. నేర్చుకున్నాయి, కానీ నేర్చుకున్నట్టు ప్రవర్తనలో కనబడలేదు, ఎందుకంటే చూపించాల్సిన అవసరం రాలేదు. నేర్చుకోవడమంటే ప్రవర్తనలో మార్పే అని నిర్వచించుకున్నవాళ్లకు ఇది మింగుడుపడదు. ఎలుక తలలో దారి పటం లాంటిదేదో ఉందని టోల్మన్ అన్నాడు. చమత్కారమేమిటంటే, ఆ మాట అనడానికి ఆయన వాడుకున్నది ప్రవర్తనావాదులు ఒప్పుకునే సాక్ష్యాన్నే: ఎలుక ఎన్ని తప్పులు చేసింది అన్న లెక్కను.

ఆ తర్వాత 1950లలో, 60లలో ఊపందుకున్న సంజ్ఞానాత్మక మనోవిజ్ఞానం చేసింది అదే. లోపల జరిగేదాని గురించి మాట్లాడటం తిరిగి వచ్చింది, కానీ లోపలికి చూసి చెప్పమని అడగడం రాలేదు. ఎంతసేపు పట్టింది, ఎన్ని తప్పులు వచ్చాయి అని బయట కొలిచి, లోపల ఏం జరిగి ఉండాలో ఊహించడం. డాండర్స్ తీసివేత ఇదే కదా. కాబట్టి వాట్సన్ ఓడిపోయాడా అంటే, ఆయన పెట్టిన నిషేధం ఓడిపోయింది, ఆయన అడిగిన క్రమశిక్షణ నిలిచింది.

అనుభవం ముక్కల కూడిక కాదు, ఒక మొత్తం అన్న గెస్టాల్ట్ వాళ్ల గురించి ఒక్క సంగతి చాలు. 1912లో వెర్ట్‌హైమర్ ప్రచురించిన ప్రయోగంలో రెండు గీతలను ఒకదాని తర్వాత ఒకటిగా, సరైన వ్యవధిలో చూపిస్తే ఒకే గీత కదిలినట్టు కనిపిస్తుంది. కదిలింది ఏదీ లేదు. ఆ రెండు గీతల సంవేదనలను ఎంత విడగొట్టినా కదలిక అందులో దొరకదు. మూలకాలు వెతికే పద్ధతికి ఇంతకన్నా సూటి జవాబు ఉండదు. ఆ ప్రయోగానికి ప్రయోజ్యులుగా కూర్చున్న కోహ్లర్, కొఫ్కాలే తర్వాత ఆ వాదానికి మిగిలిన ఇద్దరు పెద్దలయ్యారు.

ఫ్రాయిడ్ దగ్గర మాత్రం కాస్త నిదానించాలి. ఆయన నాడీవైద్యుడు. ఆయన సాక్ష్యం తన దగ్గరికి వచ్చిన రోగుల మాటలు, కలలు, నోరుజారడాలు. దాన్ని వినేది ఆయనే, రాసేది ఆయనే, అర్థం చెప్పేది కూడా ఆయనే. అర్థాన్ని రోగి ఒప్పుకుంటే సిద్ధాంతం సరైనది, ఒప్పుకోకపోతే అది ప్రతిఘటన కాబట్టి అప్పుడూ సరైనదే. ఏ జవాబు వచ్చినా తప్పు కాలేని సిద్ధాంతం శాస్త్రం కాదని తత్వవేత్త కార్ల్ పాపర్ పట్టుకున్నది ఇక్కడే. ఆ విమర్శ సబబైనదే. కానీ మనకు తెలియకుండానే మనసులో ఎంతో జరుగుతుందన్న మాటను ఎవరూ తీసిపారేయలేదు. అయితే ఆ మాట ఫ్రాయిడ్ ఒక్కడిదే కాదు, చూపు వెనక మనకు తెలియని అనుమానాలు పనిచేస్తాయని హెల్మ్‌హోల్ట్జ్ ముందే అన్నాడు. ఇప్పుడు పరిశోధకులు అచేతన ప్రక్రియలు అనేటప్పుడు అణచివేసిన కోరికల కన్నా అలవాటుగా, చప్పున సాగిపోయే గ్రహింపుల గురించే ఎక్కువగా మాట్లాడుతున్నారు. ఫ్రాయిడ్‌ను భక్తితోనూ చదవకండి, నవ్వడానికీ చదవకండి. మాస్లో గురించి అంత అవసరం లేదు. 1943లో రాసిన అవసరాల వరుస ఆయనదే, మీ పుస్తకంలోని పిరమిడ్ బొమ్మ మాత్రం ఆయన గీసింది కాదు.

అనువంశికతా, పరిసరాలా అన్న ప్రశ్నకూ మన కొలబద్దే పెట్టండి. 1869లో గాల్టన్ ప్రముఖుల వంశాలు తిరగేసి, ప్రముఖుల బంధువుల్లో ప్రముఖులు ఎక్కువని చూపించి, ప్రతిభ రక్తంలో వస్తుందన్నాడు. ఆ లెక్క సరైనదే కావచ్చు. కానీ ఒకే కుటుంబంలో రక్తంతో పాటు ఆస్తి, చదువు, పలుకుబడి కూడా చేతులు మారతాయి. ఆ సాక్ష్యం ఈ రెంటినీ విడదీయలేదు. రెండు విషయాలు కలిసి నడవడం వేరు, ఒకటి రెండోదానికి కారణం కావడం వేరు అన్న పాఠం మీకు పరిశోధన పద్ధతుల అధ్యాయంలో పొడిపొడిగా వస్తుంది. గాల్టన్‌తో కలిపి చదివితే అది ఎంత ప్రమాదకరమైన తప్పో తెలుస్తుంది, ఎందుకంటే మనుషుల్లో మేలురకాన్ని పెంచాలన్న సుజనన వాదానికి పేరు పెట్టింది కూడా ఆయనే.

ఆ పరిశోధన పద్ధతుల అధ్యాయంలో మీరు తప్పక చదవాల్సిన కథ హాన్స్ అనే గుర్రానిది. 20వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత ఉపాధ్యాయుడు తన గుర్రం లెక్కలు చేస్తుందని చూపించేవాడు. కూడిక అడిగితే డెక్కతో సరిగ్గా అన్నిసార్లు తట్టి ఆగేది. ఆయన మోసగాడు కాదు, డబ్బు కూడా తీసుకునేవాడు కాదు, యజమాని లేకుండా వేరేవాళ్లు అడిగినా గుర్రం చెప్పేది. నిపుణుల బృందం వచ్చి చూసి మోసమేమీ లేదని తేల్చింది. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు రెండు పనులు చేశాడు. అడిగేవాడికే జవాబు తెలియకుండా చేశాడు, గుర్రం తప్పింది. అడిగేవాడు కనబడకుండా గుర్రం కళ్లకు అడ్డం పెట్టాడు, అప్పుడూ తప్పింది. అసలు సంగతేమిటంటే, ప్రశ్న అడిగాక మనిషి తల కొద్దిగా కిందికి వంచి డెక్క వైపు చూస్తాడు, గుర్రం తట్టడం మొదలుపెడుతుంది. సరైన అంకె రాగానే తల తెలియకుండానే పిసరంత పైకి లేస్తుంది, గుర్రం ఆపేస్తుంది. ఫుంగ్‌స్ట్‌కు ఈ కిటుకు తెలిశాక కూడా తన తల కదలికను తాను పూర్తిగా అదుపు చేసుకోలేకపోయాడు. ప్రయోక్తకు కూడా ఎవరు ఏ గుంపో తెలియకుండా ప్రయోగం జరపాలని ఎందుకు పట్టుబడతారో దీనికన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు మిమ్మల్ని తిప్పలు పెడుతున్న రుణాత్మక పునర్బలనం. దీని చిక్కంతా రుణాత్మకం అనగానే చెడ్డది అనుకోవడంలో ఉంది. ఇక్కడ ధనాత్మకం, రుణాత్మకం అంటే కలపడం, తీసేయడం అంతే, మంచిచెడులు కావు. ఈ పదాలను ప్రచారంలోకి తెచ్చిన ప్రవర్తనావాది స్కిన్నర్ మాటల్లో వెతకడం మానేసి ప్రతి ఉదాహరణనూ రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది: ఆ తర్వాత ఆ ప్రవర్తన పెరిగిందా, తగ్గిందా? పెరిగితే పునర్బలనం, తగ్గితే దండన. రెండోది: పరిస్థితికి ఏదైనా కొత్తగా వచ్చి చేరిందా, ఉన్నది పోయిందా? చేరితే ధనాత్మకం, పోతే రుణాత్మకం. వరుస ముఖ్యం, మొదటి ప్రశ్నే ముందు.

కారులో బెల్టు పెట్టుకోకపోతే కీచుమని శబ్దం వస్తూ ఉంటుంది. పెట్టుకోగానే ఆగుతుంది. రేపటినుంచి మీరు ఎక్కగానే బెల్టు పెట్టుకుంటారు. ప్రవర్తన పెరిగింది, కాబట్టి పునర్బలనం. శబ్దం పోయింది, కాబట్టి రుణాత్మకం. అదే, వేగంగా నడిపినందుకు జరిమానా పడి వేగం తగ్గించారనుకోండి, అది దండన. పిల్లవాణ్ని ఎందుకు తిట్టారంటే, ఆ పని మానేస్తాడని అంటారు పెద్దలు. తిట్టాక కూడా పిల్లవాడు అదే పని ఎక్కువగా చేస్తుంటే, మీ ఉద్దేశం ఏదైనా, సైకాలజీ లెక్కలో ఆ తిట్టు పునర్బలనమే అయి ఉండవచ్చు. ఉద్దేశాన్ని బట్టి కాక ఫలితాన్ని బట్టి పేరు పెట్టడం ఇక్కడి నియమం. ఇంకో మెలిక: కీచుమన్న శబ్దం మొదలవడం, ఆగడం రెండు వేర్వేరు సంఘటనలు. ప్రశ్నపత్రం ఏ ప్రవర్తన గురించి అడుగుతోందో, దాని తర్వాత ఏం జరిగిందో మాత్రమే చూడండి. సగం తప్పులు అక్కడే జరుగుతాయి.

గుర్తుంచుకునే దారి అడిగారు. దానికి కూడా ఆ అధ్యాయంలోని మనిషే జవాబు చెబుతాడు. జర్మన్ మనోవిజ్ఞాని ఎబ్బింగ్‌హాస్ హల్లు, అచ్చు, హల్లుగా సుమారు 2,300 అర్థరహిత పదాంశాలు తయారుచేసుకుని, వాటి జాబితాలను తానే బట్టీ పట్టి, కొంతకాలం తర్వాత తానే మళ్లీ బట్టీ పట్టి, రెండోసారి ఎంత సమయం మిగిలిందో కొలిచాడు. ఆ ఫలితాలు 1885లో అచ్చయ్యాయి. 20 నిమిషాలకు 58 శాతం మిగులు, గంటకు 44, ఒక రోజుకు 34, నెలకు 21. దీన్ని చూపించి, చదివిందాంట్లో మూడింట రెండు వంతులు ఒక్క రోజులో మరిచిపోతామని చెప్పేవాళ్లను నమ్మకండి. ఆయన కొలిచింది తిరిగి నేర్చుకోవడంలో ఆదా అయిన సమయాన్ని, అదీ అర్థం లేని శబ్దాలకు, అదీ ఒకే మనిషిలో. గుర్తు రావడం లేదనుకున్నది కూడా రెండోసారికి సులువుగా వస్తుందన్నదే అందులో మీకు పనికొచ్చే కబురు.

దానికన్నా ఉపయోగపడేది ఆయన ఇంకో ఫలితం. ఒక జాబితాను ఒకేరోజు 68 సార్లు వల్లె వేసి మర్నాడు తిరిగి నేర్చుకుంటే ఎంత మేలు జరిగిందో, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లె వేసినా అంతే మేలు జరిగింది. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు ఇది వరం లాంటి మాట. సెలవు రోజున ఏకబిగిన కూర్చోవడం కన్నా, అదే సమయాన్ని వారమంతా పంచుకోండి. కూర్చున్న ప్రతిసారీ పుస్తకం మూసి, వుంట్ సాక్ష్యం ఏమిటి, అది ఎక్కడ చాలలేదు, దాని మీద ఎవరు తిరగబడ్డారు అని కాగితం మీద మూడు వాక్యాలు రాయండి. రాయలేకపోయినవాళ్ల దగ్గరికే తిరిగి వెళ్లండి. రంగు గీతలు గీసుకుంటూ మళ్లీ మళ్లీ చదవడం వల్ల తెలిసినట్టు అనిపిస్తుంది గానీ పరీక్షలో కలం కదలదు.

మూలరచనల సంగతి. అన్నీ వద్దు. వుంట్‌నూ టిచ్నర్‌నూ ఇప్పుడు ముట్టుకోకండి, ఉత్సాహం చచ్చిపోతుంది. వాట్సన్ 1913 వ్యాసం ఇరవై పేజీలే. ఇంగ్లిష్ బాగా చదవగలిగితే ఒక సాయంత్రంలో అయిపోతుంది, మనిషి కోపం ప్రతి పేజీలో కనిపిస్తుంది. జేమ్స్ పెద్ద గ్రంథంలో అలవాటు గురించిన నాలుగో అధ్యాయం, ఆలోచనా ప్రవాహం గురించిన తొమ్మిదో అధ్యాయం చదివితే చాలు. ఎబ్బింగ్‌హాస్ పుస్తకం చిన్నది, ఇంగ్లిష్ అనువాదం 1913లోనే వచ్చింది. అందులో లెక్కలు దాటేసి, తన ప్రయోగంలో తానే ఎక్కడ మోసపోయే అవకాశం ఉందో ఆయన చెప్పిన భాగాలు చూడండి. ఫలితం ఎలా వస్తోందో తెలిసిపోతే, తెలియకుండానే ఆశించినవైపు మొగ్గుతానేమోనని ఆయనకు భయం. ఇవన్నీ హక్కులు తీరిపోయిన రచనలే, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదట వాట్సన్ చదవండి, అది అయ్యాక జేమ్స్. తిరగేసి చదివితే వాట్సన్ మీకు మొరటుగా కనిపిస్తాడు.